గుడ్డ సంచా, ప్లాస్టిక్ కవరా? పర్యావరణ వాదనల్లో లెక్క తప్పేదెక్కడ, ఎంపిక చేసుకునేదెలా

“గుడ్డ సంచిని ఏడు వేల సార్లు వాడితే తప్ప అది ప్లాస్టిక్ కవరు కంటే మేలు కాదట” అని ఒకరు రాస్తారు. జవాబుగా మరొకరు ఆవు కడుపులోంచి తీసిన ప్లాస్టిక్ ముద్ద ఫొటో పెడతారు. మొదటివారు అంకెను పట్టుకుని, రెండోవారు ఫొటోను పట్టుకుని ఎంతసేపైనా వాదించుకోగలరు; ఎందుకంటే ఇద్దరూ ఒకే సంచి గురించి మాట్లాడుతున్నా ఒకే నష్టం గురించి మాట్లాడడం లేదు. మొదటి వాదన తయారీలో జరిగే నష్టానికి సంబంధించింది, రెండోది పారేశాక జరిగే నష్టానికి సంబంధించింది. పర్యావరణానికి ఏది మేలన్న చర్చల్లో నేను చూసిన తగవుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అందుచేత ఇక్కడ ఇంట్లో తరచు ఎదురయ్యే కొన్ని ఎంపికలను తీసుకుని, ఏ నష్టాన్ని లెక్కిస్తే ఏది మేలవుతుందో, మన ఊళ్ళ పరిస్థితికి ఏది తగినదో పోల్చి చెబుతాను. అంకెలున్న చోట లెక్కను కూడా పక్కనే ఉంచుతాను. నచ్చనివారు తమ అంకెలు వేసుకుని చూసుకోవచ్చు.

సంచులు: ఆ ఏడు వేలు ఎక్కడివి?

ఆ అంకె గాలిలోంచి పుట్టలేదు. 2018లో డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక అధ్యయనం ప్రచురించింది. సూపర్ మార్కెట్లలో ఇచ్చే మామూలు ప్లాస్టిక్ సంచిని ప్రమాణంగా పెట్టుకుని, మిగిలిన సంచులను ఎన్నిసార్లు వాడితే దానితో సమానమవుతాయో అందులో లెక్కగట్టారు. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే మామూలు పత్తి సంచిని 52 సార్లు, సేంద్రియ పత్తి సంచిని 149 సార్లు వాడాలి. నీరు, నేల, ఓజోన్ పొర వంటి కొలమానాలన్నింటిలోనూ ప్లాస్టిక్‌తో సమానం కావాలంటే మాత్రం మామూలు పత్తికి 7,100 సార్లు, సేంద్రియ పత్తికి 20,000 సార్లు అవసరమని తేలింది. ఈ పెద్ద అంకెలకు కారణం ఓజోన్ పొరకు సంబంధించిన ఒక్క కొలమానమే. అన్ని కొలమానాల్లోనూ సమానం కావాలన్నప్పుడు, దేనిలో అత్యధిక సంఖ్య వస్తే దాన్నే తీసుకోవలసి వస్తుంది. చర్చల్లో ప్రచారమయ్యేది ఆ గరిష్ఠ సంఖ్యే. 52 అనే అంకెను ప్రస్తావించినవారిని నేను అరుదుగా చూశాను.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. డెన్మార్క్‌లో చెత్త సంచుల్లో చేరిన ప్లాస్టిక్‌ను కర్మాగారాల్లో కాల్చి వేడినీ విద్యుత్తునూ తీస్తారు. వీధుల్లో, కాలువల్లో పడే ప్లాస్టిక్ ఆ దేశంలో లెక్కించదగినంత లేదన్న భావనతో, ఆ నష్టాన్ని అధ్యయనంలో చేర్చనే లేదు. అంటే మన ఊళ్ళలో ప్లాస్టిక్ కవర్ల వల్ల కళ్ళకు కనిపించే నష్టమేదో సరిగ్గా అదే ఆ లెక్కలో లేదు. మురుగుకాలువ పూడిపోవడం, వానాకాలంలో వీధిలోకి నీళ్ళు రావడం, పశువులు తిండితోపాటు కవర్లను మింగడం, చెరువు గట్ల మీద పోగుపడిన చెత్తను తగులబెట్టడం ఇవేవీ ఆ పట్టికలో కనిపించవు. డెన్మార్క్‌వారు తమ దేశానికి చేసుకున్న లెక్క తమకు సరైనదే కావచ్చు. దాన్ని విజయవాడకో వరంగల్లుకో అలాగే తెచ్చి అన్వయించడమే పొరపాటు. 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ చేసిన మరో అధ్యయనంలో పత్తి సంచికి వాతావరణం దృష్ట్యా వచ్చిన అంకె 131. వారానికి రెండుసార్లు కూరగాయలకు వెళ్ళే ఇంట్లో ఏడాదిన్నర లోపే ఆ లెక్క తీరిపోతుంది.

అయితే ఈ అధ్యయనాలు చెప్పే ఒక నిజాన్ని గుడ్డ సంచి పక్షంవారు పట్టించుకోవడం లేదు. ఆదిలాబాద్‌లోనో గుంటూరులోనో పండిన పత్తికి నీరు, ఎరువు, పురుగుమందు, ఆపైన నూలు, నేత, అద్దకం అన్నీ ఖర్చయ్యాయి. పెళ్ళిళ్ళలో, సదస్సుల్లో, దుకాణాల ప్రారంభోత్సవాల్లో పంచే కొత్త గుడ్డ సంచులు ఇంట్లో పది పోగుపడి, ఒక్కొక్కటి అయిదారుసార్లు బయటికి వెళితే, ఆ ఇల్లు పర్యావరణానికి చేసిన మేలు ఏమీ లేదు. కాబట్టి గుడ్డ సంచుల్లోనే తేడా గుర్తించాలి. పాత చీరతో, పాత ప్యాంటుతో కుట్టించుకున్న సంచి అన్నింటికంటే మేలు, ఎందుకంటే దాని తయారీ నష్టం వేరే అవసరం కోసం ఎప్పుడో జరిగిపోయింది. ఇంట్లో ఇప్పటికే ఉన్న సంచి దాని తరువాతి స్థానంలో ఉంటుంది. మంచి పేరు తెచ్చుకోవడానికి కొత్తగా కొనే సంచి, అది ఎంత అందంగా ఉన్నా, చివరిది.

గోనె సంచి విషయానికొస్తే, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పండే గోగునార, జనపనార మొక్కలకు పత్తితో పోలిస్తే మందుల అవసరం చాలా తక్కువ. సంచి బరువును బాగా మోస్తుంది, ఏళ్ళ తరబడి మన్నుతుంది. లోపల మెరిసే ప్లాస్టిక్ పొర అతికించిన రకాన్ని మాత్రం వదిలేయాలి.

ఇప్పుడు దుకాణాల్లో “క్లాత్ కవర్” అంటూ ఇస్తున్న రంగురంగుల పలుచని సంచి గురించి స్పష్టంగా చెప్పాలి. అది గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. దగ్గరగా చూస్తే నేత దారాలు ఉండవు. వేడితో అద్దిన చిన్న చిన్న చుక్కల అచ్చు కనిపిస్తుంది. ఒక మూలకు నిప్పు తగిలిస్తే పత్తి బూడిదవుతుంది, ఇది కరిగి ముద్దకడుతుంది. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారమే ఇది ప్లాస్టిక్ సంచి. చదరపు మీటరుకు 60 గ్రాముల బరువైనా లేకపోతే నిషిద్ధం. మందంగా ఉన్నది దొరికి, యాభైసార్లు వాడగలిగితే చెడ్డ ఎంపిక కాదు. ఒకటి రెండు వాడకాల్లో చెవులు తెగిపోయే పలుచటి రకం మాత్రం పాత కవరు కంటే ఎక్కువ ప్లాస్టిక్‌తో, గుడ్డన్న నమ్మకంతో మన ఇంటికి వస్తోంది. నాకు ఈ రెండో అంశమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. మంచి చేయాలనుకున్న మనిషిని ఇది తప్పుదారి పట్టిస్తుంది.

మామూలు ప్లాస్టిక్ కవరుకు 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కనీస మందం ఉండాలని కేంద్ర నియమం. మందం పెంచితే ప్లాస్టిక్ పెరుగుతుంది కదా అని చాలామంది ఆక్షేపిస్తారు. ఆక్షేపణలో తర్కం ఉంది, కానీ నియమం ఉద్దేశం వేరు: మందపు కవరును జనం ఊరకే పారేయరు, పారేసినా చెత్త ఏరుకునేవారికి దాన్ని తీసుకుంటే ధర పలుకుతుంది. పలుచటి కవరును ఎవరూ ఏరరు. అది కాలువలోనే మిగిలిపోతుంది.

కాగితపు సంచి పొడి సరుకులకు, మందులకు సరిపోతుంది. తడి తగిలితే చిరుగుతుంది కాబట్టి ఎక్కువసార్లు వాడలేం. “మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్” అని అచ్చువేసిన కవర్ల మీద కొంచెం జాగ్రత్త అవసరం. కంపోస్టయ్యే ప్లాస్టిక్కుకు పెట్టిన ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణానికి సరిపోయే అసలైన రకం కూడా దాదాపు 58 డిగ్రీల వేడిని నిలకడగా ఉంచే కంపోస్టు కేంద్రంలోనే కొన్ని నెలల్లో విచ్ఛిన్నమవుతుంది. మన పెరటి ఎరువు గుంటలో ఆ వేడి నిలవదు, హైదరాబాద్ జవహర్‌నగర్ వంటి చెత్త గుట్టల అడుగున గాలే ఉండదు. మీ పురపాలక సంఘం తడి చెత్తను విడిగా తీసుకెళ్ళి కంపోస్టు చేస్తుందని మీకు తెలిస్తేనే దాన్ని ఎంచుకోండి. చేపలకు, మాంసానికి ఇంటి నుంచి స్టీలు డబ్బా తీసుకెళ్ళడం ఈ రకాలన్నింటికంటే సులువైన పరిష్కారం.

విందుకు పళ్ళాలు

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషిద్ధమయ్యాక విందుల్లో వాటి స్థానాన్ని ఎక్కువగా ఆక్రమించినవి వెండి రంగు పూత ఉన్న కాగితపు పళ్ళాలు, కాగితపు కప్పులు. వీటిని కాగితమనుకోవడం పొరపాటు. ఆ మెరుపు ప్లాస్టిక్ పొరది. కప్పు లోపల కూడా టీ కారకుండా ఆపేది పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ పొరే. కాగితమూ ప్లాస్టిక్కూ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి అది ఎరువుగానూ పనికిరాదు, పాత సామాన్ల దుకాణమూ తీసుకోదు. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో చేసిన పరీక్షలో, అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులోకి చేరుతున్నట్టు తేలింది.

అడ్డాకు విస్తరి సంగతి వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా అడవుల్లో గిరిజన కుటుంబాలు సేకరించే అడ్డాకు, తెలంగాణలో మోదుగాకు, పుల్లలతో కుట్టినంతవరకు నిశ్చింతగా ఎంచుకోదగినవి. వాడాక కొన్ని వారాల్లో కుళ్ళిపోతాయి, ఆ డబ్బు కొంతైనా అడవిలో బతికేవారికి చేరుతుంది. యంత్రం మీద అచ్చువేసిన విస్తళ్ళలో కొన్నింటికి ఆకు కింద ప్లాస్టిక్ షీటు ఉంటుంది. కొనే ముందు ఒకదాన్ని చింపి చూస్తే తెలిసిపోతుంది. అరటాకు దొరికే కోనసీమలోనో కృష్ణా తీరంలోనో దానికి సాటి లేదు. తిన్నాక పశువులకు కూడా పెట్టవచ్చు. అదే ఆకును వందల కిలోమీటర్లు లారీలో తెప్పించి, సగం చిరిగి పారేయవలసిన చోట అడ్డాకే మేలు.

స్టీలు పళ్ళాలను వందలసార్లు వాడతారు కనుక తయారీ నష్టం ఒక్కో భోజనానికి నామమాత్రంగా మిగులుతుంది. కడగడానికి నీళ్ళు కావాలి. వేసవిలో ట్యాంకరుతో నీళ్ళు తెప్పించుకునే చోట అయిదు వందల మంది పళ్ళాలు కడగడం చిన్న విషయం కాదు. అలాంటి చోట స్టీలు పళ్ళెంలో కోసిన అరటాకు పరిచి వడ్డించే పద్ధతి నాకు అన్నింటికంటే నచ్చింది. కడిగే నీరు బాగా తగ్గుతుంది. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఏ పళ్ళెం అని గంటసేపు వాదించుకుని, ఇరవై ఏడు వంటకాలు వండించి మూడో వంతు పారబోసే విందులో పళ్ళెం ప్రసక్తి దాదాపు అనవసరం. ఆ అన్నానికి, పప్పుకు, కూరలకు పోసిన నీరు, ఎరువు, గ్యాసు అన్నీ వృథా కావడమే కాక, చెత్తకుప్ప అడుగున కుళ్ళే తిండి వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్‌ను విడుదల చేస్తుంది. వంటకాలు తగ్గించడం, అడిగి వడ్డించడం మొదటి ఎంపిక. పళ్ళెం రెండోది.

స్కూటరు: బొగ్గు కరెంటుతో నడిచినా మేలేనా?

“కరెంటు బొగ్గుతోనే కదా తయారవుతోంది, పొగ ఇక్కడ కాకపోతే రామగుండంలో వస్తుంది, తేడా ఏముంది?” అనే ప్రశ్న న్యాయమైనదే. దాన్ని వెటకారంతో తిప్పికొట్టడం కంటే లెక్కవేసి చూడడం మంచిది.

మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోలకు కొంచెం పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గణాంకాలు చెబుతాయి. ఎలక్ట్రిక్ స్కూటరు కిలోమీటరుకు బ్యాటరీ నుంచి సుమారు 30 వాట్-అవర్లు తీసుకుంటుంది (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్). ఛార్జింగులో, తీగల్లో పోయేది కలిపితే 40 అనుకుందాం. అంటే కిలోమీటరుకు 29 గ్రాములు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటరు సంగతి చూస్తే, లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు వస్తుంది కాబట్టి కిలోమీటరుకు 51 గ్రాములు. ముడిచమురు తీయడం, శుద్ధి చేయడం కలిపితే 60 దాకా అవుతుంది. బొగ్గు కరెంటు మీద కూడా ఎలక్ట్రిక్ స్కూటరు సగమే వెలువరిస్తోంది. చిన్న ఇంజను తాను తాగిన పెట్రోలులో అయిదింట ఒక వంతుకు మించి చక్రానికి అందించలేకపోవడమే దీనికి కారణం; మిగిలినదంతా వేడిగా పోతుంది.

బ్యాటరీ తయారీ మాటేమిటి? మూడు యూనిట్ల బ్యాటరీకి ఎక్కువలో ఎక్కువ 300 కిలోలు అనుకున్నా, కిలోమీటరుకు 30 గ్రాముల ఆదాతో పది వేల కిలోమీటర్లకు తీరిపోతుంది. రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగేవారికి అది ఏడాదికి కొంచెం పైమాట. రోజుకు అయిదు కిలోమీటర్లే తిరిగేవారికి అయిదారేళ్ళు. కాబట్టి ఎక్కువ తిరిగేవారు, డెలివరీ పని చేసేవారు వెంటనే మారడం సమంజసం. పాత స్కూటరు బాగానే ఉండి, తక్కువ తిరిగే ఇంట్లో దాన్ని పాడయ్యేదాకా నడుపుకోవడంలో తప్పేమీ లేదు.

ఇదే లెక్కను కారుకు వేస్తే, కిలోమీటరుకు 130 వాట్-అవర్లు తీసుకునే చిన్న ఎలక్ట్రిక్ కారులో ఒక్కరే కూర్చుని వెళితే, నష్టాలు కూడా కలుపుకుని వంద గ్రాములు దాటుతుంది. అంటే పెట్రోలు స్కూటరు మీద వెళ్ళే పొరుగువారి కంటే ఎక్కువ. ఇక ఆర్టీసీ డీజిల్ బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే కిలోమీటరుకు 540 గ్రాములు. నలభై మంది ఉంటే తలకు పదమూడు పద్నాలుగు గ్రాములే. పొగ కక్కుతూ వెళ్ళే కిక్కిరిసిన పాత బస్సును చూసి కాలుష్యమని ముఖం తిప్పుకుంటాం గానీ, అందులో ఉన్న ఒక్కొక్కరి వాటా కొత్త ఎలక్ట్రిక్ స్కూటరు మీదున్నవారి వాటాలో సగం. పదిమందే ఉన్న బస్సుకు ఈ లెక్క వర్తించదు, కానీ మీరు ఎక్కకపోయినా అది వెళ్ళేదే కాబట్టి మీరు ఎక్కడం వల్ల అదనంగా పెరిగేది దాదాపు ఏమీ ఉండదు. వాతావరణం కాక వీధి గాలి, ఊపిరితిత్తులు మీ ప్రధాన చింత అయితే మాత్రం జవాబు మారుతుంది. అక్కడ పాత డీజిల్ బస్సు నిజంగానే చెడ్డది, ఎలక్ట్రిక్ వాహనం ఏదైనా మేలు.

పొయ్యి: ఇక్కడ జవాబు తారుమారు

స్కూటరు లెక్క చూశాక, వంటకు కూడా కరెంటే మేలని అనిపించడం సహజం. చాలామంది అలాగే వాదిస్తున్నారు. ఇది నన్ను అన్నింటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన పోలిక.

14.2 కిలోల సిలిండరు పూర్తిగా కాలితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ గ్యాసులో ఉన్న శక్తి సుమారు 180 యూనిట్ల కరెంటుకు సమానం. పొయ్యి మీద గిన్నెకు చేరేది అందులో 65 శాతం, అంటే 118 యూనిట్లు. ఇండక్షన్ స్టవ్ 85 శాతం వేడిని గిన్నెకు అందిస్తుంది కనుక అదే వంటకు 140 యూనిట్ల దాకా కాల్చాలి. యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున అది సుమారు 100 కిలోలు. గ్యాసు వెలికితీత, రవాణా కలిపినా ఇండక్షన్‌దే ఇప్పటి గ్రిడ్ మీద దాదాపు రెట్టింపు. పెట్రోలు ఇంజను శక్తిని వృథా చేస్తుంది, గ్యాసు పొయ్యి అంతగా చేయదు. బొగ్గు నుంచి కరెంటు తీసేటప్పుడు మాత్రం మూడింట రెండు వంతుల వేడి కర్మాగారంలోనే పోతుంది. ఒకే కరెంటు రెండు పనుల్లో రెండు రకాల ఫలితం ఇవ్వడానికి కారణం ఇదే.

అయితే ఇంటి మీద సోలార్ ఉంటే? 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఎండ వేళ ఇండక్షన్ మీద వండుకుంటే గ్యాసు ఖర్చు తగ్గుతుంది. కర్బన లెక్క మాత్రం అంత సూటిగా ఉండదు, ఎందుకంటే మనం వాడని సోలార్ కరెంటు గ్రిడ్‌కు వెళ్ళి అక్కడ కొంత బొగ్గును తగ్గిస్తుంది. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు వాటా పెరిగే కొద్దీ ఇండక్షన్ లెక్క మెరుగవుతుంది. ఈ రోజుకు నా సలహా ఇది: గ్యాసు పొయ్యి ఉన్నవారు వాతావరణం పేరుతో దాన్ని తీసేయనక్కర్లేదు, వంటగది గాలి, వేడి, సిలిండరు ఖర్చు మీకు సమస్య అయితే ఇండక్షన్‌ను రెండో పొయ్యిగా పెట్టుకోండి. కట్టెల పొయ్యి మీద వండే ఇంట్లో మాత్రం ఈ రెండింటిలో ఏది దొరికితే అది తీసుకోవాలి. అక్కడ ముందు కాపాడుకోవలసింది వంట చేసే ఆడవాళ్ళ ఊపిరితిత్తులు. పప్పును నానబెట్టి కుక్కరులో ఉడికించడం ఏ పొయ్యి మీదైనా వెంటనే ఫలితమిచ్చే పని.

పాతదాన్ని ఉంచాలా, కొత్తది కొనాలా?

ఉన్నదాన్ని వాడుకోవడమే ఎప్పుడూ మేలని ఒక పక్షం, కొత్త సాంకేతికతే మేలని మరో పక్షం వాదిస్తాయి. ఆ వస్తువు తయారీలో ఎక్కువ నష్టం చేస్తుందా, వాడకంలో ఎక్కువ చేస్తుందా అన్నదాన్ని బట్టి జవాబు ఉంటుంది. సెల్‌ఫోను మొత్తం కర్బన భారంలో నాలుగింట మూడు వంతులకు పైగా తయారీలోనిదే, కాబట్టి బ్యాటరీ మార్పించుకుని ఇంకో రెండేళ్ళు వాడడమే సరైన పని. బట్టలూ అంతే. ఫ్యాను దీనికి పూర్తిగా భిన్నం. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, బ్రష్‌లెస్ మోటారుతో తక్కువ కరెంటు మీద తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే ఒక్క ఫ్యానుకు 200 యూనిట్లు, అంటే సుమారు 145 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది.

దీని పక్కన ప్లాస్టిక్ కవర్లను పెట్టి చూడండి. ఏడాదికి మూడు వందల కవర్లు, ఒక్కోటి పది గ్రాములు అనుకుంటే మూడు కిలోల ప్లాస్టిక్. దాని తయారీకి వెలువడేది పది కిలోల లోపు. వాతావరణమే మీ చింత అయితే పదిహేనేళ్ళు కవర్లు మానేయడమూ ఒక్క ఫ్యాను మార్చి ఒక ఏడాది వాడడమూ ఒకటే. కాలువ, చెరువు, పశువు మీ చింత అయితే ఫ్యాను వల్ల ఒరిగేది ఏమీ లేదు, కవరు మానాల్సిందే. ఈ రెండూ రెండు వేరు నష్టాలని ఒప్పుకుంటే, ఒకటి చేసినవారు రెండోది చేసినవారిని ఎగతాళి చేయవలసిన అవసరమే ఉండదు.

వాదనల్లో తరచు వచ్చే మాటలకు జవాబులు

“ప్రపంచ కాలుష్యంలో 71 శాతం వంద కంపెనీలదే, మన సంచితో ఏమవుతుంది?” అన్నది వాటిలో ముందు వరుసలో ఉంటుంది. 2017లో వచ్చిన కార్బన్ మేజర్స్ నివేదికలోని అంకె ఇది. అది చెప్పేది ఏమిటంటే, 1988 నుంచి వెలువడిన పారిశ్రామిక ఉద్గారాల్లో 71 శాతం వంద బొగ్గు, చమురు, గ్యాసు ఉత్పత్తిదారుల ఇంధనానికి ముడిపడి ఉందని. ఆ 71 శాతంలో అత్యధిక భాగం ఆ ఇంధనాన్ని కొన్నవారు కాల్చినప్పుడు వచ్చినది. మన స్కూటరు పొగ, మన గ్రిడ్ బొగ్గు అందులోనే ఉన్నాయి. ఆ కంపెనీల బాధ్యత పెద్దదే, వాటిని చట్టంతో కట్టడి చేయాలనడం న్యాయమే. దాన్ని మన ఎంపికకు అడ్డుగా వాడడం మాత్రం ఆ నివేదికను తలకిందులుగా చదవడమే.

“అమెరికావాళ్ళు తగ్గించుకున్నాక మనం చూద్దాం” అన్నదానిలో నిజం ఉంది: సగటు భారతీయుడి వార్షిక ఉద్గారాలు సుమారు రెండు టన్నులైతే అమెరికన్‌వి పద్నాలుగు టన్నుల ప్రాంతంలో ఉన్నాయి. కర్బనం విషయంలో అంతర్జాతీయ వేదికల మీద ఈ వాదన గట్టిది. మన వీధి కాలువలో పడ్డ కవరుకు అది జవాబు కాదు, మన కాలువలో అమెరికా కవర్లు లేవు.

“ఏసీ గదిలో కూర్చుని పర్యావరణం గురించి మాట్లాడతారా?” అనేది వ్యక్తి గురించిన మాట, వాదన గురించిన మాట కాదు. ఏసీ వేసుకున్నవారు చెప్పిన లెక్క సరైనదైతే అది సరైనదే. ఏసీ వాడేవారిని అడగదగిన మేలైన ప్రశ్న, ఎన్ని డిగ్రీల మీద పెట్టారని. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల వద్దే మొదలయ్యేలా ఉండాలన్న నియమం 2020 జనవరి నుంచి అమల్లో ఉంది.

“మన పెద్దలు వాడినవన్నీ మంచివే” అన్నదానికి విస్తరాకు ఒక సాక్ష్యమైతే, కట్టెల పొగ ఎదురు సాక్ష్యం. వినాయక విగ్రహం విషయంలో కూడా మట్టి అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో నిషేధించింది. కానీ రసాయన రంగులు దట్టంగా పూసిన మట్టి విగ్రహం చెరువులో కరిగినప్పుడు ఆ రంగుల్లోని భారలోహాలు నీళ్ళలోనే చేరతాయి. రంగు లేని చిన్న మట్టి విగ్రహం తీసుకుని ఇంట్లోనే బకెట్టులో నిమజ్జనం చేసి, ఆ మట్టిని కుండీల్లో పోసుకోవడం నేను సిఫారసు చేసే పద్ధతి.

ఎవరైనా ఒక అంకెతో వాదనకు వస్తే మూడు సంగతులు అడగండి: అది ఏ నష్టాన్ని కొలిచింది, ఎన్నిసార్లు వాడతారని అనుకుంది, ఏ ఊరి చెత్త పద్ధతిని, ఏ దేశపు గ్రిడ్‌ను లెక్కలోకి తీసుకుంది. వాటికి సమాధానం దొరికితే చర్చ ముందుకు సాగుతుంది.

ఈ ఏడాది పర్యావరణం కోసం పది వేల రూపాయలు పెట్టగలమని ఒక మధ్యతరగతి ఇంటివారు అడిగితే నేను చెప్పేది ఇది. మూడు వేల రూపాయల ప్రాంతంలో దొరికే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, ఎక్కువసేపు తిరిగే గదుల్లో పెట్టించుకోండి. మిగిలిన డబ్బుతో కూరగాయలకు, చేపలకు మూతలున్న రెండు స్టీలు డబ్బాలు కొని, బీరువాలో మడిచి ఉన్న పాత బట్టతో రెండు సంచులు కుట్టించి ఒకటి స్కూటరు డిక్కీలో, ఒకటి తలుపు వెనక మేకుకు తగిలించి ఉంచండి.